అడిగితే చెబుతా: హెడ్మాస్టరైన జనరల్

పోయిన నెల ఎవరికో జవాబు రాస్తూ, మాటవరసకు "జపాన్‌లో ఒక జనరల్ రిటైరయ్యాక సొంతూరికొచ్చి హైస్కూలు హెడ్మాస్టరుగా చేరాడు" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ వాక్యం మీదే. కొందరు పేరు అడిగారు, కొందరు నమ్మలేదు, ఒకాయన కోప్పడ్డాడు కూడా. ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ణి, ఇంతమంది ఒకే మనిషి గురించి అడిగితే ఊరుకోలేను. ఈసారి శీర్షిక అంతా ఆయన గురించే. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు.

సార్, మావాడు డిగ్రీ రెండో సంవత్సరం. తెల్లారుజామున నాలుగున్నరకే లేచి చెరువుకట్ట మీద పరుగు తీస్తున్నాడు, మిలిటరీకి పోతానని. డిగ్రీ పూర్తి చెయ్యరా అంటే "మిలిటరీకి చదువెందుకు నాయనా, దమ్ముండాల" అంటాడు. మీరు రాసిన ఆ జనరల్ కథ పూర్తిగా రాస్తే వాడికి చదివి వినిపిస్తా.
— ఒక రైతు, కోవెలకుంట్ల

తమ్ముడూ, ఆయన పేరు అకియామా యోషిఫురు. 1859లో షికోకు దీవిలో మత్సుయామా అనే కోట ఊళ్ళో పుట్టాడు. తండ్రి సమురాయ్. సమురాయ్ అనగానే సినిమాల్లో కనిపించే పట్టుబట్టలు, రెండు కత్తులు గుర్తొస్తాయి. వీళ్ళది మాత్రం ఆ మెట్లలో కింది మెట్టు. సంస్థానం కొలిచి ఇచ్చే బియ్యమే జీతం. ఇంటినిండా పిల్లలు. యోషిఫురు మూడోవాడు.

ఆయనకు తొమ్మిదేళ్ళప్పుడు, 1868లో, రాజ్యం తలకిందులైంది. షోగన్లనే సైనిక పాలకుల ఏలుబడి పోయి చక్రవర్తి పేరుతో కొత్త ప్రభుత్వం వచ్చింది. మత్సుయామా వాళ్ళది షోగన్ పక్షం, అంటే ఓడిన పక్షం. పక్క సంస్థానం సైన్యం వచ్చి ఊళ్ళో దిగింది. పైగా లక్షా యాభై వేల ర్యోల జరిమానా, ర్యో అంటే అప్పటి వాళ్ళ బంగారు నాణెం. సంస్థానమే అప్పుల్లో మునిగితే చిన్న సమురాయ్ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది? సరిగ్గా ఆ ఏడే ఇంకో మగపిల్లవాడు పుట్టాడు. సాకలేక గుడికి ఇచ్చేద్దామని పెద్దవాళ్ళు అనుకుంటుంటే, తమ్ముణ్ణి ఇవ్వొద్దని, తాను బాగా చదువుకుని టోఫు అంత మందాన డబ్బు తెచ్చిపెడతానని యోషిఫురు తండ్రిని బతిమాలాడని చెబుతారు. టోఫు అంటే సోయాపాలు విరిచి చేసే గడ్డ, చూడటానికి మన జున్నుముక్క మాదిరి ఉంటుంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి తెలిసిన మందమైన వస్తువు అదే!

డబ్బు లేక చదువు సాగలేదు. ఊళ్ళో డబ్బులిచ్చి స్నానం చేసే కొట్టు ఒకటుంటే అందులో పనికి కుదిరాడు. కట్టెలు మోయడం, నీళ్ళు కాచడం. సమురాయ్ కొడుకు పొయ్యి ఎగదోస్తున్నాడంటే ఆ రోజుల్లో ఊళ్ళో ఎన్ని మాటలు అని ఉంటారో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కణ్ణుంచి మీవాడికి కాస్త నెమ్మదిగా చదివి వినిపించు. 1875లో ఓసాకాలో ఫీజు లేకుండా టీచర్లను తయారుచేసే బడి ఉందని తెలిసి, పదహారేళ్ళ వయసులో ఇల్లు విడిచి వెళ్ళాడు. చదువు ముగించి నగోయాలో చిన్నబడి పంతులయ్యాడు. అంతలో టోక్యోలో సైనిక అకాడమీ మనుషుల్ని తీసుకుంటోందని, అక్కడా ఫీజు లేదు, తిండి బట్ట వాళ్ళదేనని ఒక ఊరివాడు చెప్పాడు. పరీక్ష రాశాడు. 1877లో చేరాడు. గుర్రపు దళంలో శిక్షణ పొంది 1879లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. 1883లో పెద్ద ఆఫీసర్లను తయారుచేసే సైనిక మహావిద్యాలయం పాఠాలు మొదలుపెడితే మొదటి బ్యాచ్‌లోనే సీటు. పాఠం చెప్పడానికి జర్మనీ నుంచి మెకెల్ అనే మేజర్‌ను పిలిపించారు. ఆ బ్యాచ్‌లో చివరిదాకా నిలిచి బయటికొచ్చింది పది మందే, వాళ్ళలో మనవాడొకడు. 1887లో పాత సంస్థానాధీశుడి వారసుడు ఫ్రాన్స్‌లో సైనిక చదువుకు వెళ్తుంటే తోడుగా వెళ్ళి, సెయింట్‌సిర్ అనే సైనిక బడిలో ఫ్రెంచివాళ్ళ గుర్రపు యుద్ధం నేర్చుకుని, 1891లో తిరిగొచ్చాడు.

ఇంకో సంగతి. ఆ కాలపు జపాన్ సైన్యంలో పైకి రావాలంటే గెలిచిన పక్షం, ముఖ్యంగా చోషూ సంస్థానం వాడై ఉండాలి. పెద్ద పదవులన్నీ వాళ్ళవే. ఓడిన ఊరి నుంచి, సిఫారసు చేసే మామో చిన్నాన్నో లేకుండా వచ్చినవాడు 1916లో పూర్తి జనరల్ అయ్యాడు. ఆ తర్వాత సైన్యంలో చదువులన్నిటికీ పెద్ద అయిన శిక్షణ ఇన్‌స్పెక్టర్ జనరల్ కూడా అయ్యాడు. దమ్ము ఆ ఊళ్ళో చాలామందికి ఉండేది తమ్ముడూ. ఫీజు లేని బడి ఎక్కడుందో వెతుక్కుని, ఉన్నచోటికల్లా నడిచిపోవడం అందరూ చేయలేదు.

గుడికి పోకుండా ఆపిన ఆ తమ్ముడు సనెయుకి. పెద్దయ్యాక టోక్యోలో అన్న దగ్గరే ఉండి చదువుకున్నాడు. గదిలో ఇద్దరికీ కలిపి ఒకే గిన్నె ఉండేదట. అన్న అందులో సారా పోసుకుని తాగి పక్కన పెడితే, తమ్ముడు దాంట్లోనే అన్నం పెట్టుకునేవాడు. కూర కింద ముల్లంగి ఊరగాయ. నాకు ఇది చదివినప్పుడల్లా మా హాస్టల్ గుర్తొస్తుంది. ఒకే సత్తుతట్టలో ఇద్దరం సంగటీ ఊరిబిండీ తిన్న రోజులవి. ఆ సనెయుకే నౌకాదళంలో చేరి, 1905 మే 27న సుషిమా దగ్గర రష్యా ఓడల్ని దెబ్బతీసిన పోరుకు పథకం వేసినవాడు.

సారా మాట దాటేయకుండా చదువు. యుద్ధంలో కూడా నీళ్ళసీసాలో మద్యం పోసుకుని తిరిగిన మనిషి ఆయన. చివరికి షుగరు ముదిరి కాలు తీసేశారు, అయినా మనిషి దక్కలేదు.

మీవాడి పరుగు మాన్పించొద్దు. పదహారు వందల మీటర్లు పరుగెత్తాల్సిందే, అది లేకుండా పని జరగదు. డిగ్రీ పూర్తయితే మాత్రం ఆఫీసరు పరీక్ష కూడా రాయొచ్చు, ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. పొద్దున పరుగు, సాయంత్రం పుస్తకం. రెండేళ్ళు ఓపిక పట్టమను.

సార్, తరతరాలుగా కత్తి పట్టిన సమురాయ్‌లు ప్రభుత్వం వద్దనగానే ఎట్లా దించేశారు? మన పాలెగాళ్ళు దించలేదు కదా?
— డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

మంచి ప్రశ్న అమ్మా. అంత తేలిగ్గా దించలేదు.

1871లో కొత్త ప్రభుత్వం 260కి పైగా ఉన్న సంస్థానాలను రద్దు చేసింది. 1873లో ఇరవై ఏళ్ళు నిండిన మగవాడెవరైనా సైన్యంలోకి రావాలంది. అంటే పోరు సమురాయ్ సొత్తు కాకుండా పోయింది, రైతు కొడుకు చేతికీ తుపాకి వచ్చింది. 1876 మార్చిలో వీధిలో కత్తి కట్టుకు తిరగడం నిషేధించారు. అదే ఏడు ఆగస్టులో బియ్యం భత్యాలు పూర్తిగా ఆపి, బదులుగా ప్రభుత్వ బాండ్లు చేతిలో పెట్టారు. పెద్ద ప్రభువులకు ఆ బాండ్లు పెట్టుబడి అయ్యాయి, బ్యాంకులు పెట్టుకున్నారు. చిన్నవాళ్ళకు వడ్డీతో ఇల్లు గడవలేదు. వ్యాపారాల్లో పెట్టి పోగొట్టుకున్నవాళ్ళు లెక్కలేనంతమంది.

తిరుగుబాట్లు వరుసగా వచ్చాయి. 1874లో సాగా, 1876లో కుమమొతో, హాగీ. ఆఖరిది, అన్నిటికన్నా పెద్దది, 1877లో సత్సుమా. దానికి నాయకుడు సైగో తకమొరి, కొత్త ప్రభుత్వాన్ని తెచ్చిన పెద్దల్లో ఒకడు! ఎనిమిది నెలలు పోరాడి సెప్టెంబర్ 24న చనిపోయాడు. ఆయన్ని ఓడించిన సైన్యంలో ఎక్కువమంది రైతుల పిల్లలే. సరిగ్గా ఆ యుద్ధం జరుగుతున్న నెలల్లోనే అకియామా టోక్యోలో అకాడమీ గేటు దాటి లోపలికి పోయాడు. ఒకే కులం, ఒకే కాలం, ఒకడు కత్తితో కొండెక్కాడు, ఒకడు పలక పట్టుకుని బడికెళ్ళాడు.

మన సంగతి. 1800లో నిజాం ఈ దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేశాక మన్రో కలెక్టరుగా వచ్చాడు. పాలెగాళ్ళ కోటలు పడగొట్టించి, ఆయుధాలు లాక్కుని, కొందరిని జైల్లో వేసి, కొందరికి తవర్జీ అని నెలకింత భత్యం కట్టాడు. వాళ్ళ కింద ఇనాం భూములు అనుభవిస్తూ కాపలా కాసే కట్టుబడివాళ్ళు ఉండేవాళ్ళు. తర్వాత ఆ ఇనాములమీదా, తవర్జీలమీదా కంపెనీ చెయ్యి పడింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనక నడిచింది ఎక్కువగా ఆ కట్టుబడివాళ్ళే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని కోవెలకుంట్లలో ఉరి తీశారు. నువ్వన్నట్టు మనవాళ్ళు ఊరికే దించలేదు. జపాన్‌లోనూ దించలేదు.

తేడా ఎక్కడుందో మా ఇంటి సంగతి చెబుతా. మాది కట్టుబడి వంశమని మా జేజినాయన గర్వంగా చెప్పేవాడు. దూలం మీద ఒక కత్తి ఉండేది, పిడికి ఎర్రగుడ్డ చుట్టి. దసరా రోజు దించి, బూడిదతో తోమి, కుంకుమ పెట్టి మళ్ళీ పైన పెట్టేవాడు. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయనకు చదువు రాదు. ఒకసారి పొలం గురించి కచేరీ నుంచి కాగితం వచ్చింది. దాన్ని మడిచి మొలలో పెట్టుకుని, చదివిపెట్టే మనిషి కోసం రెండు ఊళ్ళు తిరిగాడు. చదివించుకునేసరికి గడువు దాటి పదకొండు రోజులైంది. రెండెకరాల చెలక పోయింది. ఆ కాగితం మా ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉంది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. కత్తి ఏమైందో నాకు తెలియదు, కాగితం మాత్రం నేను దాచుకున్నా.

జపాన్ ప్రభుత్వం కత్తులు తీసుకోవడానికి నాలుగేళ్ళ ముందే, 1872లో, పిల్లలందరికీ బడి ఉండాలని శాసనం చేసింది. అది ఊరూరా నిజంగా అమలు కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. జనం బడి ఖర్చు మామీద వేస్తారా అని కొన్ని చోట్ల గొడవలు కూడా చేశారు. అయినా టీచర్ల బడి, సైనిక బడి డబ్బు లేనివాడికి తెరిచి ఉన్నాయి. అకియామాలాంటి పిల్లవాడు దూరడానికి సందు దొరికింది. మన్రో మీద మన సీమలో గౌరవం ఉంది, ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్నారు కూడా. రైతుకు ఆయన చేసిన మేలు నేను కాదనను. కానీ కత్తి తీసుకున్న కంపెనీ ఆ చేతికి పలక ఇవ్వలేదు. ఇది పుస్తకాల్లో చదివి అంటున్న మాట కాదు.

తాతా, గుర్రపు సైన్యం యుద్ధంలో గుర్రాలు దిగి పోరాడిందంట. అట్లయితే గుర్రాలెందుకు?
— పదో తరగతి విద్యార్థి, తాడిపత్రి

నిన్ను మీ టీచరు మెచ్చుకుని ఉండాలి, లేకపోతే నేను మెచ్చుకుంటున్నా.

1904లో జపాన్‌కు, రష్యాకు చైనా ఈశాన్యాన ఉన్న మంచూరియాలో యుద్ధం వచ్చింది. రష్యావాళ్ళకు కొసాక్ గుర్రపు సేన ఉంది. పుట్టుకతోనే గుర్రమెక్కే జనం, పెద్ద పెద్ద గుర్రాలు. జపాన్ గుర్రాలు పొట్టివి, సేన చిన్నది. ఒకటో గుర్రపు బ్రిగేడ్‌కు అకియామా నాయకుడు. ఎదురెదురు గుర్రాల మీద ఢీకొంటే నిలవలేమని ఆయనకు ముందే తెలుసు. అందుకని తన దళానికి కాల్బలాన్ని, ఫిరంగుల్ని, అప్పటికి కొత్తవైన మెషిన్‌గన్నుల్ని జత చేసుకున్నాడు. శత్రువు కనిపించగానే దిగడం, గుర్రాలను వెనక్కి పంపడం, కందకంలోంచి కాల్చడం. గుర్రం వేగంగా చేరడానికి, వార్త తేవడానికి. చేరాక పని తుపాకిది.

1905 జనవరి 25 నుంచి 29 దాకా హెయికౌతాయ్ దగ్గర ఇది పరీక్షకొచ్చింది. నేలంతా గడ్డకట్టిన చలి. జపాన్ సైన్యానికి ఎడమ చివర అకియామా కాపలా, పలచగా పరిచిన కొద్దిమందితో. రష్యావాళ్ళు కదులుతున్నారని ఆయన మనుషులు వార్తల మీద వార్తలు తెచ్చారు. ఆయన పైకి పంపాడు. ఈ చలిలో ఎవడు దాడి చేస్తాడని పైవాళ్ళు తేలిగ్గా తీసుకున్నారు. దాడి వచ్చింది, గ్రిపెన్‌బెర్గ్ నడిపిన మొత్తం ఒక సైన్యం. సాయం వచ్చేదాకా అకియామా మనుషులు ఊళ్ళల్లో మట్టిగోడల వెనక నిలబడ్డారు. ఎడమ వైపు కూలలేదు గానీ, ఆ నాలుగైదు రోజుల్లో చనిపోయిన, గాయపడిన, దొరకకుండా పోయిన జపాన్‌వాళ్ళు దాదాపు తొమ్మిది వేలు. కింది నుంచి వచ్చిన వార్త వినకపోతే ఏమవుతుందో నువ్వు క్లాస్ లీడరు అయితే గుర్తుపెట్టుకో.

ఇంకొకటి. గుర్రపు దళం అంటే ఏమిటని పాఠంలో అడిగినప్పుడు ఆయన ఉత్త పిడికిలితో కిటికీ అద్దం పగలగొట్టి, నెత్తురు కారుతున్న చెయ్యి చూపించాడని చెబుతారు. దెబ్బ గట్టిదే, కానీ కొట్టిన చెయ్యికీ గాయమే అని అర్థం. నువ్వు మాత్రం మీ క్లాసులో చేసి చూపించొద్దు నాయనా.

జపాన్ సైన్యాధికారిని ఇంతగా పొగుడుతారా? 1942 నుంచి 45 దాకా అండమాన్‌లో వాళ్ళు మనవాళ్ళను ఎన్ని హింసలు పెట్టారో చరిత్ర మాస్టారుకు తెలియదా?
— ఒక పాఠకుడు, కడప

తెలుసు అన్నా. మీ కోపం న్యాయమే.

అకియామా 1930 నవంబర్ 4న పోయాడు. మంచూరియాను జపాన్ ఆక్రమించడం మొదలైంది 1931 సెప్టెంబర్‌లో. అండమాన్ సంగతి ఇంకా తర్వాత. అవి ఆయన చేసినవి కావు. అంతమాత్రాన ఆయన చేతులు కడిగిన ముత్యాలని నేననను. 1904 యుద్ధం రష్యా నేల మీద జరగలేదు, జపాన్ నేల మీద జరగలేదు. చైనా రైతుల జొన్నచేలల్లో, వాళ్ళ మట్టిఇళ్ళ మధ్య జరిగింది. ఆయన మనుషులు వెనక నిలబడ్డ ఆ గోడలు ఎవరివో ఏ పతకం మీదా రాయలేదు. 1910లో జపాన్ కొరియాను కలిపేసుకుంది. కొన్నేళ్ళకు అక్కడి జపాన్ సైన్యానికి ఈయనే అధిపతి. కొరియా మనిషి ఈ శీర్షిక చదివితే మీకన్నా ఎక్కువ కోప్పడతాడు.

1905లో ఒక ఆసియా దేశం యూరప్ రాజ్యాన్ని ఓడించిందని మన దేశంలో చదువుకున్నవాళ్ళు పొంగిపోయారు. ఆ పొంగులో కొరియా గోడు ఎవరికీ వినపడలేదు. అది మన తప్పు కూడా. ఇప్పుడు నేను ఆయన్ని తలుచుకుంటున్నది యుద్ధం గెలిచినందుకు కాదు. కింద ప్రశ్న చూడండి.

హెడ్మాస్టరుగా ఆయన ఏం చేశారు సార్? మా స్కూల్లో కూడా పిల్లలకు చెప్పాలనుంది. మీరే ఒకరోజు రాగలరా?
— ఒక టీచరమ్మ, అనంతపురం జిల్లా

1923లో ఆయన సైన్యం నుంచి రిటైరయ్యాడు. జనరల్‌గా రిటైరైనవాడికి టోక్యోలో మర్యాదలు, సభలు, పదవులకు కొరత ఉండదు. మరుసటేడు మత్సుయామాలో హొకుయో అనే ప్రైవేటు మిడిల్‌స్కూలు పెద్దలు హెడ్మాస్టరుగా రమ్మని అడిగితే ఒప్పుకున్నాడు. 65 ఏళ్ళ వయసులో చేరి, 1930 ఏప్రిల్ దాకా ఆరేళ్ళు చేశాడు. ఒక జనరల్ మిడిల్‌స్కూలుకు పోవడమేంటని విన్నవాళ్ళు ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఆశ్చర్యం లేదమ్మా. నగోయాలో చిన్నబడి పంతులుగా మొదలైన మనిషి, మధ్యలో నలభై ఆరేళ్ళు వేరే పని మీద పోయి తిరిగొచ్చాడు.

రోజూ నడిచే వెళ్ళేవాడట. ఏ వీధి మలుపు ఏ నిమిషానికి దాటుతాడో తెలిసి, దారిలో ఇళ్ళవాళ్ళు ఆయన్ని చూసి గడియారం సరిచేసుకునేవాళ్ళని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. యుద్ధంలో చేసిన పనుల గురించి పిల్లలకు గొప్పలు చెప్పలేదు. 1925లో ప్రభుత్వం మిడిల్‌స్కూళ్ళకు సైనికాధికారులను పంపి కవాతు పాఠం పెట్టించింది. జనరల్ హెడ్మాస్టరుగా ఉన్న బడిలో ఆ పాఠం ఎంత జోరుగా ఉంటుందో అని అందరూ అనుకుంటే, విద్యార్థులు సిపాయిలు కాదని చెప్పి ఆయన దాన్ని తగ్గించాడని అంటారు. యుద్ధమంటే ఏమిటో హెయికౌతాయ్‌లో చూసినవాడు కదా, పద్నాలుగేళ్ళ పిల్లల్ని తొందరపెట్టాలనిపించి ఉండదు. ఇది నా ఊహ, మీ పిల్లలకు ఊహ అనే చెప్పండి.

హెడ్మాస్టరు పని మానేసిన ఏడు నెలలకే చనిపోయాడు. ఆ బడి ఇప్పుడు ప్రభుత్వ హైస్కూలుగా నడుస్తోంది.

రావడానికి నాకేం ఇబ్బంది లేదమ్మా. కర్నూలు నుంచి పొద్దున బస్సు ఎక్కితే సరిపోతుందో, ముందురోజే వచ్చి ఉండాలో చూసుకోవాలి. మీ స్కూల్లో ప్రేయర్ బెల్లు ఎన్నింటికో కార్డు ముక్క రాయండి. కార్ల ఏర్పాటు, శాలువా ఏమీ వద్దు. ట్రంకుపెట్టెలోని ఆ కాగితం తెస్తా, పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు.